మూడు సెంట్ల స్థలంలో సోలార్ ఇల్లు: ఒక చిన్న నిర్మాణ సంస్థ పనితీరుపై సమీక్ష

నంద్యాల పట్టణం చివర మూడు సెంట్ల స్థలంలో మా అమ్మానాన్నలు ఉండడానికి 540 చదరపు అడుగుల ఇల్లు కట్టించాం. ఒక హాలు, ఒక పడకగది, మనవళ్లు వస్తే పడుకోవడానికి ఒక చిన్న గది, వంటిల్లు, స్నానాల గది, ముందు వసారా, మిద్దె మీద రెండు కిలోవాట్ల సోలార్ ప్యానెళ్లు. నమూనా గీయడం మొదలుకొని నెట్ మీటరు (లైను నుంచి తీసుకున్న కరెంటునూ, ప్యానెళ్ల నుంచి లైనుకు ఇచ్చినదాన్నీ లెక్కించే మీటరు) బిగించే వరకు అంతా ఒకే సంస్థ చేతుల మీదుగా జరిగింది. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం వాళ్లు ఆ ఇంట్లో గడిపారు కాబట్టి ఇప్పుడు దాని మంచిచెడ్డలు రాయవచ్చు. కొన్ని ఫిర్యాదులు కూడా ఉన్నందున సంస్థ పేరు మాత్రం రాయడం లేదు. ఇంటిని ఆలోచించి గీసిన తీరుకు వారికిచ్చిన ఫీజు తక్కువే అనిపించింది. సోలార్ వ్యవస్థను మాకు అప్పగించిన తీరుకు మాత్రం ఆ మాట అనలేను.

వారి కరపత్రం మీద పెద్ద అక్షరాలతో ‘సోలార్ ఇల్లు’ అని ఉంటుంది. కొనేవారి చూపు సహజంగానే ప్యానెళ్ల మీదికి పోతుంది. ఇంట్లో ఉండి చూస్తే తెలిసేది వేరు. ఆ ఇంటి గొప్పతనం పైకప్పులో, పడమటి గోడలో, గాలి నడిచే దారిలో ఉంది. ఇల్లు తక్కువ కరెంటు అడుగుతుంది కాబట్టే రెండు కిలోవాట్లు సరిపోయి ఇంకా మిగులుతున్నాయి. ఇదే ప్యానెళ్లను పక్కవీధిలోని మామూలు స్లాబు ఇంటి మీద పెట్టి కింద రెండు ఏసీలు నడిపితే లెక్క పూర్తిగా మారిపోతుంది.

మొదటి సమావేశంలో వారు అడిగిన ప్రశ్నలే నాకు నమ్మకం కలిగించాయి. ఎన్ని గదులు కావాలని అడగడానికి ముందు పాత ఇంటి ఏడాది కరెంటు బిల్లులు తెమ్మన్నారు. పెద్దవాళ్లు మధ్యాహ్నం ఏ గదిలో పడుకుంటారు, రాత్రి కిటికీలు తెరిచి పడుకునే అలవాటు ఉందా, మిద్దె మీద ఏమేం ఆరబెడతారు, వంట ఎవరు చేస్తారు, ఏ వేళకు చేస్తారు అని ఒక్కొక్కటీ అడిగి రాసుకున్నారు. ఆ తర్వాతే పెన్సిలు పట్టారు. డిజైనుకు, పర్యవేక్షణకు కలిపి కట్టుబడి ఖర్చులో ఆరు శాతం తీసుకున్నారు. కట్టుబడి చదరపు అడుగుకు సుమారు 1,900 రూపాయలు పడింది. చిన్న ఇంటికి ఇంజనీరు ఎందుకు, మేస్త్రి చాలడా అని బంధువులు అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు పడమటి గోడ దగ్గర దొరికింది.

వాస్తు విషయంలో మా నాన్న పట్టుదల గలవారు. పెద్దవాళ్ల పడకగది నైరుతిలోనే ఉండాలి, వంటిల్లు ఆగ్నేయంలోనే ఉండాలి, నీళ్ల ట్యాంకు కూడా నైరుతి మూలనే ఉండాలి. మన ఎండల్లో నైరుతి గది అంటే మధ్యాహ్నం రెండు దాటినప్పటి నుంచి పొద్దుగూకే దాకా పడమటి ఎండను మోసే గది. ఆ గోడ పగలంతా తాగిన వేడిని రాత్రి పదకొండింటికి లోపలికి వదులుతుంది. సరిగ్గా పెద్దవాళ్లు నిద్రపోయే వేళ అది. ఇలాంటి చోట చాలామంది ఇంజనీర్లు వాస్తును ఎగతాళి చేసి ఇల్లు కట్టించుకునేవారిని నొప్పిస్తారు, లేదా మనకెందుకని తల ఊపి ఏసీకి పాయింటు పెట్టి ఊరుకుంటారు. వీరు ఆ రెండూ చేయలేదు. నైరుతి బరువుగా ఉండాలని, అటువైపు తెరపి తక్కువ ఉండాలని సిద్ధాంతి చెప్పిన మాటనే పట్టుకుని పడమటి గోడకు కిటికీ లేకుండా చేశారు. గోడ పొడవునా లోపలివైపు అడుగున్నర లోతు అలమరలు కట్టారు. బట్టలు, పరుపులు, అటక మీది ఇత్తడి సామాను అన్నీ ఆ గోడకే చేరాయి. వేడి గోడకూ మంచానికీ మధ్య ఆ అలమరలు అడ్డంగా నిలిచాయి.

పడమటి వైపు బయట చేసిన పని ఇంకా నచ్చింది. సాయంత్రపు ఎండ వాలుగా, దాదాపు అడ్డంగా వస్తుంది కాబట్టి గోడ నెత్తిన సజ్జ ఎంత ముందుకు లాగినా దానిని ఆపలేదు. దక్షిణపు కిటికీకి రెండడుగుల సజ్జ చాలు, పడమటికి నిలువు అడ్డే కావాలి అని వారు గోడ మీద సుద్దముక్కతో ఎండ కోణాలు గీసి చూపించారు. గోడకు రెండడుగుల దూరంలో ఇనుప జాలీ నిలబెట్టి దాని మీదికి పాదులు పాకించారు. ఇప్పుడు అక్కడ చిక్కుడు, కాకర కాస్తున్నాయి. జాలీ ఖర్చు ఎనిమిది వేల లోపే.

గోడలు ర్యాట్ ట్రాప్ బాండ్ పద్ధతిలో కట్టారు. ఇటుకను మామూలుగా పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి, రెండు వరుసల మధ్య ఖాళీ వదులుతూ పోయే పద్ధతి ఇది. గోడ మందం తొమ్మిది అంగుళాలే ఉంటుంది కానీ ఇటుకలు నాలుగో వంతు తక్కువ పడతాయి, సిమెంటు వాడకం కూడా తగ్గుతుంది, మధ్యలో చిక్కుకున్న గాలి వేడిని కొంత అడ్డుకుంటుంది. 1917లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో పుట్టి కేరళలో స్థిరపడిన లారీ బేకర్ ఈ పద్ధతిని, పైకప్పుకు ఫిల్లర్ స్లాబును మన దేశంలో ప్రచారంలోకి తెచ్చారు. తిరువనంతపురంలో ఆయన కట్టిన భవనాలు నేటికీ నిలిచి ఉన్నాయి. అయితే కేరళలో తాపీ మేస్త్రులకు అలవాటైన పని మన దగ్గర కొత్త. “ఇటుకను నిలబెట్టి కడితే గోడ నిలబడుతుందా సార్?” అని మా మేస్త్రి మొదటి రోజే అడిగాడు. సంస్థవాళ్లు వాదించకుండా స్థలంలో ఒక మూల మూడడుగుల నమూనా గోడ కట్టించి, దాని మీద సిమెంటు మూటలు పేర్పించి అతనితోనే చూపించారు. ఇటుకలన్నీ ఒకే కొలతలో ఉంటే తప్ప ఈ కట్టడం కుదరదు కనుక బట్టీ ఇటుక వద్దని, బొగ్గు బూడిదతో చేసే ఫ్లైయాష్ ఇటుక తెప్పించారు. ఇబ్బంది ఒక్కటే. గోడలో ఎక్కడ పడితే అక్కడ గాడి కొట్టడానికి, మేకు దించడానికి వీల్లేదు. కరెంటు పైపులు ఎక్కడ దిగాలో ముందే తేల్చుకోవాలి. పటాలు తగిలించే చోట్ల కూడా ముందే గట్టి ఇటుకలు పెట్టించుకోవాలి. మా అమ్మ దేవుడి పటాల స్థలం ఆలస్యంగా మార్చడంతో అక్కడ కొంత అవస్థ పడ్డాం.

గోడల్లో మిగిలిన డబ్బంతా పునాది తినేసింది. నల్లరేగడి నేల వానకు ఉబ్బి ఎండకు బీటలు వారుతుంది కాబట్టి అక్కడ పొదుపు చేయడానికి వీల్లేదని కింద ఉబ్బెత్తుగా ఉండే పైళ్లు, అంటే నేలలోకి లోతుగా దించే కాంక్రీటు స్తంభాలు వేశారు. చవక ఇల్లు అన్న మాట విని వచ్చేవారు తమ నేల ఏమిటో ముందు చూసుకోవడం మంచిది. ఎర్రనేల ఉన్న ఊళ్లో ఇదే ఇల్లు లక్ష రూపాయలు తక్కువకు వచ్చేదేమో.

ఇక పైకప్పు. ఫిల్లర్ స్లాబు అంటే చల్లని స్లాబు అని వాడుకలో ఒక నమ్మకం స్థిరపడిపోయింది. వీరి కరపత్రం కూడా ఆ నమ్మకాన్నే పెంచుతుంది. స్లాబు అడుగుభాగంలో కాంక్రీటు పెద్దగా పనిచేయని చోట మంగుళూరు పెంకులు జతలుగా అమర్చి కాంక్రీటును, కొంత ఊచను ఆదా చేసే పద్ధతి అది. పెంకుల మధ్య గాలి వల్ల కొంత వేడి తగ్గుతుంది కానీ ఆ ఒక్కదాన్నే నమ్ముకుంటే రాయలసీమ మే నెలను తట్టుకోలేం. ఇంధన సామర్థ్య బ్యూరో 2018 డిసెంబరులో నివాస భవనాల కోసం విడుదల చేసిన ఎకో నివాస్ సంహిత పైకప్పు గుండా వేడి ప్రసారానికి ఒక హద్దు పెట్టింది. ఒక్కో చదరపు మీటరుకు, ఒక్కో డిగ్రీ తేడాకు 1.2 వాట్లకు మించరాదు. మామూలు కాంక్రీటు స్లాబు దానికి రెండింతలు దాటి లోపలికి పంపుతుంది. ఆ నియమావళి 500 చదరపు మీటర్లు, అంతకు పైబడిన స్థలాలకే వర్తించేలా వచ్చింది కాబట్టి మూడు సెంట్ల ఇంటిని ఎవరూ అడగరు. అయినా వీరు ఆ కొలతనే పెట్టుకుని లెక్క వేసి చూపించారు. ఆ హద్దు లోపలికి దించింది పెంకులు కాదు. స్లాబు మీద పరిచిన అంగుళం మందం ఎక్స్‌పీఎస్ పలకలు. చూడడానికి థర్మోకోలులాగే ఉన్నా గట్టిగా, నీరు పీల్చకుండా ఉండే పలకలవి. వాటి మీద సున్నపు గచ్చు, గచ్చు మీద తెల్లటి పగిలిన పింగాణీ పెంకుల పరుపు వేశారు. వడగాడ్పుల రోజున మధ్యాహ్నం మూడింటికి స్లాబు అడుగున చేయి పెడితే పక్కింటి స్లాబుకూ దీనికీ తేడా చేతికే తెలుస్తుంది. అక్కడ పెనం తగిలినట్టు ఉంటుంది, ఇక్కడ గోడను తాకినట్టే ఉంటుంది. హాల్లో వేలాడదీసిన ఉష్ణమాపకం బయట 42 డిగ్రీలు ఉన్న రోజున 35 దాటలేదు. కూలరు పెడితే ఇంకా దిగుతుంది. పొడి వేడి ఉండే సీమలో కూలరు చేసే పని కోస్తా ఉక్కలో చేయలేదన్నది కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి. ఇదే నమూనాను కాకినాడలోనో మచిలీపట్నంలోనో కట్టేవారు గాలి దారుల మీద ఇంకా ఎక్కువ ఖర్చు పెట్టాలి.

మా నాన్న మట్టిమిద్దె ఇంట్లో పెరిగినవారు. దూలాలు, దంతెలు, వాటి మీద బండలు, పైన మూడు జానల మందం చౌడుమట్టి, మధ్యలో వెలుతురుకు గవాచి. ఆ ఇంటి చల్లదనం స్లాబు ఇంటికి ఎందుకు రాదని ఆయన ముప్పై ఏళ్లుగా అడుగుతూనే ఉన్నారు. కొత్త ఇంటికి ఆయన పూర్తి మార్కులు వేయలేదు కానీ పగటి వేళ రెండూ ఒకటేనని ఒప్పుకున్నారు. రాత్రి మాత్రం ఒక చిక్కు ఉంది. పైకప్పుకు వేడిని ఆపే పొర ఉన్నప్పుడు బయటి వేడి లోపలికి రానట్టే లోపలి వేడి కూడా పైకి పోదు. వంట వేడి, మనుషుల వేడి, టీవీ వేడి బయటికి పోవాలంటే రాత్రి కిటికీలు తెరిచి ఉంచాల్సిందే. ఈ సంగతి ముందే ఆలోచించి ప్రతి కిటికీకి ఊచలు, దోమల జాలి పెట్టారు, హాల్లో పైన ఎత్తున ఎదురెదురుగా వెంటిలేటర్లు వదిలారు. కానీ ఎందుకు తెరవాలో ఇంట్లో ఉండేవాళ్లకు వివరించలేదు. మా అమ్మ దొంగల భయంతో మొదట్లో అన్నీ మూసి పడుకునేది, పొద్దున లేచి ఇల్లు ఉమ్మదీస్తోందని చెప్పేది. ఇంటితో పాటు దానిని వాడే పద్ధతి రాసి ఇచ్చే ఒక కాగితం ఉంటే ఈ ఇబ్బంది ఉండేది కాదు.

నేలకు బేతంచెర్ల బండలు వేశారు. దగ్గరలో దొరికేవి, చవకైనవి, పాదాలకు చల్లనివి. మరో మాట అక్కర్లేదు.

సోలార్ దగ్గరికి వస్తే ముందు మెచ్చుకోవాల్సింది చెప్పాలి. స్లాబు పోయక ముందే ప్యానెళ్ల స్ట్రక్చరు కాళ్లు నాలుగూ ఎక్కడ దిగుతాయో గుర్తించి, ఊచలకు కట్టిన బోల్టులను కాంక్రీటులోనే వదిలారు. ఇల్లు కట్టిన తర్వాత వచ్చే సోలార్ కుర్రాళ్లు డ్రిల్లింగు మిషనుతో స్లాబుకు బొక్కలు పెట్టి, ఆ బొక్కల గుండా వాన దిగి, రెండేళ్లకు గది మూల చెమ్మ పట్టడం మనం చూస్తూనే ఉన్నాం. ఇక్కడ ఎక్స్‌పీఎస్ పొరకు, గచ్చుకు ఒక్క చిల్లు కూడా పడలేదు. కేబులు దిగే పైపును, ఎర్తింగు గుంతల స్థలాలను కూడా ముందే ఉంచారు. ఇల్లు కట్టేవారు, సోలార్ పెట్టేవారు ఒకే చోట కూర్చుని ఆలోచిస్తే కలిగే లాభం ఇదే. ఆ ఒక్క కారణానికే ఇలాంటి సంస్థ దగ్గరికి వెళ్లమని చెబుతాను.

ట్యాంకు విషయంలో కూడా తెలివి చూపారు. నైరుతి మూల ఎత్తుగా ట్యాంకు నిలబెడితే మధ్యాహ్నం తర్వాత దాని నీడ ఈశాన్యం వైపు సాగి ప్యానెళ్ల మీద పడుతుంది. వరుసగా కలిపిన ప్యానెళ్లలో ఒకదాని మీద నీడ పడినా మొత్తం ఉత్పత్తి దెబ్బతింటుంది. ట్యాంకును నైరుతిలోనే ఉంచుతూ దిమ్మె ఎత్తు తగ్గించి, ప్యానెళ్లను ఏడున్నర అడుగుల ఎత్తున ఇనుప స్ట్రక్చరు మీద దక్షిణానికి పదిహేను డిగ్రీల వాలుతో నిలబెట్టారు. నంద్యాల అక్షాంశానికి ఆ వాలు సరిపోతుంది. ట్యాంకు ప్యానెళ్ల కన్నా కిందికి పోయింది, నీడ బాధ తప్పింది, మిద్దె మీద మనిషి నిలబడి తిరగడానికి చోటు మిగిలింది. వడియాలకు, మిరపకాయలకు తక్కిన మిద్దె ఉంది. ప్యానెళ్ల వల్ల ఈశాన్యం కన్నా దక్షిణం ఎత్తయిందని సిద్ధాంతి కూడా సంతోషించారు. ఎవరి లెక్క వారిది.

540 వాట్ల ప్యానెళ్లు నాలుగు, ఒక ఇన్వర్టరు, ఎత్తు స్ట్రక్చరు అన్నీ కలిపి 1,45,000 రూపాయలు అయ్యాయి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాటుకు 30,000 రూపాయల చొప్పున 60,000 రాయితీ వస్తుంది. మూడు కిలోవాట్లు, ఆపైన ఎంత పెట్టుకున్నా 78,000 దగ్గర ఆగిపోతుంది. రాయితీ కావాలంటే దేశంలో తయారైన సెల్లులతో చేసిన ప్యానెళ్లే వాడాలి, పథకంలో నమోదైన విక్రేత ద్వారానే పెట్టించుకోవాలి. రాయితీ ఎక్కువ వస్తుందని మూడు కిలోవాట్లు అంటగట్టే విక్రేతలు ఊరినిండా ఉండగా వీరు రెండు చాలని చెప్పడం నిజాయతీగానే ఉంది.

అయితే లెక్కను చివరిదాకా చెప్పలేదు. కరపత్రంలో ‘నాలుగైదేళ్లలో మీ డబ్బు తిరిగి వస్తుంది’ అని ఉంది. ఇది నెలకు మూడు వందల యూనిట్లు కాల్చే ఇంటికి చెల్లే మాట. ఆంధ్రప్రదేశ్‌లో గృహ వినియోగానికి శ్లాబు రేట్లు, అంటే వాడకం పెరిగే కొద్దీ అంచెలంచెలుగా పెరిగే రేట్లు, యూనిటుకు ఇలా ఉన్నాయి: మొదటి 30 యూనిట్లకు 1.90, తర్వాత 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6 రూపాయలు, 400 వరకు 8.75. మూడు వందల యూనిట్ల ఇంటికి స్థిర చార్జీలు, ఇంధన సర్దుబాట్లు కాకుండా 1,673 రూపాయలు అవుతుంది. రెండు కిలోవాట్లు నెలకు ఇచ్చే సుమారు 240 యూనిట్లు అందులో ఖరీదైన పైశ్లాబులనే ముందు కోసేస్తాయి కాబట్టి నెలకు పదిహేను వందలు మిగులుతాయి. మా ఇంటి వాడకం 120 యూనిట్లు. పెద్ద ఫ్రిజ్జులూ ఏసీలూ ఏమీ లేవు. 30 వాట్ల లోపు కాల్చే బీఎల్‌డీసీ ఫ్యాన్లు మూడు, ఎల్‌ఈడీ బల్బులు, చిన్న ఫ్రిజ్జు, టీవీ, రోజుకు అరగంట మోటారు, వేసవిలో కూలరు. దీనికి బిల్లు నాలుగు వందల లోపే. నెలకు నాలుగు వందలు మిగిలితే, రాయితీ పోగా చేతినుంచి పెట్టిన 85,000 తిరిగి రావడానికి పదిహేడేళ్లకు పైగా పడుతుంది. ఇల్లు ఎంత పొదుపుగా కడితే ప్యానెళ్ల పెట్టుబడి అంత ఆలస్యంగా తిరిగివస్తుందన్న ఈ మెలికను సోలార్ ఇల్లు అమ్మేవారెవరూ చెప్పరు. వీరూ చెప్పలేదు.

మేము వంటను ఇండక్షన్ పొయ్యి మీదికి మార్చాక లెక్క కొంత సర్దుకుంది. వాడకం 175 యూనిట్లకు చేరింది. రెండు నెలలకొక గ్యాసు సిలిండరు మిగులుతోంది. పాత వాడకానికి అయ్యే నాలుగు వందల బిల్లు, ఈ గ్యాసు ఖర్చు రెండూ కలిపితే ఎనిమిది, తొమ్మిదేళ్లకు డబ్బు వెనక్కి వస్తుంది. ఈ సలహా ఇవ్వాల్సింది సంస్థే. మొదటి సమావేశంలో వంట గురించి అడిగి రాసుకున్నవాళ్లు ఆ సమాచారాన్ని ఇక్కడ వాడుకోలేదు. తెలంగాణలో తెల్లకార్డు ఉండి గృహజ్యోతి కింద 200 యూనిట్ల వరకు ఉచితంగా పొందుతున్నవారికైతే ఇలాంటి చిన్న ఇంటి మీద ప్యానెళ్లు పెట్టడంలో డబ్బు లాభం దాదాపు లేదు. అలాంటివారు ఆ మొత్తాన్ని పైకప్పు పొరకు, నీడకు పెట్టుకుంటేనే మేలు. ఇందిరమ్మ ఇళ్ల కింద ఐదు లక్షల సాయంతో కట్టుకునేవారికి ఈ మాట మరీ వర్తిస్తుంది.

ఉత్పత్తి విషయంలో నాకు ఫిర్యాదు లేదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో రోజుకు తొమ్మిది యూనిట్ల దాకా వచ్చింది, మేలో ఎనిమిదికి దిగింది. ఎండ ముదిరితే కరెంటు ఎక్కువ వస్తుందని మా నాన్న అనుకున్నారు. ప్యానెళ్ల సామర్థ్యాన్ని 25 డిగ్రీల వేడి దగ్గర కొలుస్తారు. ఆపైన ఒక్కో డిగ్రీకి మూడో వంతు శాతం చొప్పున తగ్గుతుంది. మే ఎండకు ప్యానెలు 65 డిగ్రీలకు చేరితే పదమూడు, పద్నాలుగు శాతం అక్కడే పోతుంది. దుమ్ము మరికొంత తింటుంది. తెల్లవారుజామున, అద్దం చల్లగా ఉన్నప్పుడే కడగాలని, కాలిన అద్దం మీద చన్నీళ్లు కొట్టకూడదని ఎదురింటి ఎలక్ట్రీషియన్ చెబితే తెలిసింది.

అసలు కోపం వచ్చింది కరెంటు పోయిన రాత్రి కాదు, పట్టపగలు. కరపత్రంలో ‘కరెంటు కోతల బెంగ లేని ఇల్లు’ అన్నారు. గ్రిడ్డుకు కలిపిన మామూలు ఇన్వర్టరు, లైను మీద కరెంటు లేకపోతే తానూ ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కు మన ప్యానెళ్ల కరెంటు తగలకుండా పెట్టిన రక్షణ అది, అలా ఆగడమే న్యాయం. కానీ ఆ సంగతి ముందే చెప్పకపోవడం న్యాయం కాదు. నడినెత్తిన ఎండ కాస్తుండగా, మిద్దె మీద లక్షన్నర సామాను మెరుస్తుండగా, కింద ఫ్యాను తిరగకపోతే డెబ్బై ఏళ్ల మనిషికి ఏమని నచ్చజెప్పాలి? అడిగితే బ్యాటరీతో పనిచేసే హైబ్రిడ్ రకం ఉందని, దానికి ఇంకా చాలా అవుతుందని చెప్పారు. చివరికి మామూలు ఇన్వర్టరు, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ ఒకటి పెట్టుకున్నాం. ఫ్యాన్లు, లైట్లు అన్నీ కలిపి 130 వాట్లు దాటవు కాబట్టి ఒక్క బ్యాటరీతోనే రాత్రి కోతను తట్టుకుంటోంది. ఇక్కడ కూడా ఆదుకున్నది ఇంటి పొదుపే.

అప్పగింతలో మరికొన్ని లోపాలున్నాయి. సంస్థ ఇల్లు తానే కడుతుంది కానీ సోలార్ పనిని నమోదైన మరో విక్రేతకు అప్పగిస్తుంది. ఆ విక్రేత మనుషులు బిగించి వెళ్లారు, గ్యారంటీ కాగితాలు సంస్థ దగ్గర ఉండిపోయాయి, రోజువారీ ఉత్పత్తి చూసే యాప్ పాస్‌వర్డు విక్రేత దగ్గర ఉండిపోయింది. రాయితీ రావాలంటే కరెంటు కనెక్షను ఎవరి పేరున ఉందో వారి వివరాలు, బ్యాంకు ఖాతాలోని పేరు సరిపోవాలి. మా నాన్న ఇంటిపేరు బిల్లులో ఒక రకంగా, ఖాతాలో మరో రకంగా ఉంది. దరఖాస్తు పెట్టిన రోజే చూడాల్సిన ఈ తేడాను నెట్ మీటరు బిగించాక గుర్తించారు. రాయితీ ఆ మేరకు ఆలస్యమైంది. అడిగితే విక్రేతను అడగమన్నారు, విక్రేత సంస్థను అడగమన్నారు. పథకం నిబంధనల ప్రకారం ఐదేళ్ల నిర్వహణ బాధ్యత విక్రేతదే కానీ, ఫీజు తీసుకుని మధ్యలో నిలబడిన సంస్థకు కూడా మాట ఉండాలి. బిల్లు సున్నా వస్తుందన్న వారి మనిషి మాట కూడా సరి కాదు. స్థిర చార్జీలు ప్రతి నెలా వస్తూనే ఉంటాయి.

ఈ సంస్థ ఎవరికి తగదో కూడా చెప్పాలి. మన దగ్గర ఇల్లు కట్టే ప్రతివారూ పిల్లర్ల ఊచలు ఆకాశంలోకి వదిలేసి, కొడుకు పెళ్లినాటికి పైన ఇంకో అంతస్తు వేద్దామనుకుంటారు. ఈ నమూనాలో పిల్లర్లు లేవు, బరువంతా గోడలదే. గోడలు ఇంకో అంతస్తును మోయగలవని వారు చెబుతారు కానీ పైన కట్టాలంటే గచ్చు, పలకలు, ప్యానెళ్లు అన్నీ తీసేయాలి, పెట్టిన ఖర్చులో చాలా భాగం మట్టిలో కలుస్తుంది. మా అమ్మానాన్నలకు ఆ ఆలోచన లేదు కనుక మాకు సరిపోయింది. ఉన్నవారు మొదటి సమావేశంలోనే ఆ మాట చెబితే పిల్లర్లతో వేరే నమూనా గీస్తారు. దానికి చదరపు అడుగుకు రెండు మూడు వందలు ఎక్కువ పడుతుందని, ప్యానెళ్లను మాత్రం పై అంతస్తు పూర్తయ్యాకే పెట్టుకోమని వారే సలహా ఇస్తున్నారు.